చివరి చరణంలో పేరు

ఎనభై ఎనిమిదిలో దేవయ్య ఒమాన్‌లోని సహం పట్టణానికి వచ్చింది కట్టుబడి పనికి. కానీ అతని అసలు వృత్తి పాట. శుక్రవారం సెలవు పూట రూమ్‌మేట్ల చేతుల్లో తాళం వేసే చెక్క చిరుతలు పట్టించి, జగిత్యాల దగ్గరి తన గురువు మల్లయ్య తాతలనాటి వరుసల్లో కట్టిన తత్వాలు పాడించేవాడు. వరుసలో ఒక్క అక్షరం జారనిచ్చేవాడు కాదు.

పాతకాలపు పాటగాళ్లు చివరి చరణంలో పేరు దాచుకునేవారు. అదే వాళ్ల సంతకం. గుళ్లు చెక్కినవాళ్లకు ఆపాటి సదుపాయమూ లేకపోయింది. అది వేరే కథ.

తొంభై ఒకటిలో మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని తెలుగు కుటుంబాలవాళ్లు ఉగాదికి పాడమని పిలిచారు. కార్యక్రమం రాసుకుంటున్న ప్రభాకర్, "రచన ఎవరిదండీ?" అన్నాడు.

"మాదే సారూ."

మా ఊరిది, మా గురువుది అని అతని భావం. ప్రభాకర్ మాత్రం "రచన, గానం: దేవయ్య" అని వేదిక మీద చదివేశాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగాక దిద్దుదామనుకున్నాడు దేవయ్య. ఆగాక దిద్దబుద్ధి కాలేదు. "మల్లయ్య పలికె" దగ్గర "దేవయ్య పలికె" అనేశాడు. పేరు తాళంలో అచ్చుగుద్దినట్టు కూర్చుంది. అదే కొంప ముంచింది. ఒక్క మాత్ర తేడా వచ్చినా నాలుక మొరాయించేది.

పాతవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. కొత్తవాళ్లకు అదే నేర్పాడు.

తొంభై అయిదు ఉగాదికి ముందువరసలో చిన్నవ్వ కూర్చుంది. మల్లయ్య కూతురు, మస్కట్‌లోనే ఖురం పేటలో ఇంటిపనికి వచ్చింది.

"దేవన్నా, బాపు పోయినసంది గీ పాట ఇనలే. మంచిగ పాడు" అంది.

దేవయ్య చివరి చరణంలో కళ్లు మూసుకుని "మల్లయ్య పలికె" అన్నాడు. వెనక పన్నెండు గొంతులు, చిరుత తప్పకుండా, "దేవయ్య పలికె" అని అందుకున్నాయి. మళ్లీ అన్నాడు. మళ్లీ అదే. పైగా వెనకనుంచి, కొత్తగా నేర్చినవాళ్లలో ఒకడైన గంగన్న గుసగుసలాడాడు: "తప్పు పాడుతున్నవే దేవన్నా!"

దేవయ్య చిరుతలు ఆపాడు.

"తప్పు ఇయ్యాల కాదురా, నాలుగేండ్ల కింద పాడిన. గీ పాట మా గురువు మల్లయ్యది. నా పేరు నేనే వెట్టుకున్న."

చిన్నవ్వ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మరి నిలవడ్డవేందన్నా? ఆళ్లకు నేర్పు. నేను కూసుంట."

అంతమంది ముందు, ఓనమాలు దిద్దించినట్టు, ఆ ఒక్క పేరూ నేర్పాడు. గంగన్న నాలుక మాత్రం అయిదోసారికి గానీ తిరగలేదు. అతను తప్పినప్పుడల్లా సభ నవ్వింది. నవ్వినప్పుడల్లా దేవయ్య తల ఇంకాస్త కిందికి దిగింది.