చుక్కల చుట్టూ తిరిగిన పెన్సిల్

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, చుక్కలు కలిపి ఆకారాలు దిద్దే పిల్లల పుస్తకం ఒకటి చేతికి తగిలింది. చూడగానే ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల కిందట అలాంటి పుస్తకం నన్ను పెట్టినన్ని తిప్పలు మా ఆఫీసులో ఏ పెద్ద సారూ పెట్టలేదు.

అప్పుడు మా అమ్మాయికి మూడున్నరేళ్లు. మేం ఆశపడ్డ బడివాళ్లు గుండ్రం, చతురస్రం, త్రిభుజం చుక్కల మీద దిద్దితేనే ఎల్‌కేజీలో సీటన్నారు. లక్డీకాపూల్‌లో ఆఫీసు ముగించుకుని, బస్సులో నిలబడి నాంపల్లి ఇంటికొచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే దాని చేతికి పెన్సిల్ ఇచ్చేదాన్ని. అది ఒక్క చుక్కనీ ముట్టుకునేది కాదు. ప్రతి చుక్క చుట్టూ ఓ మెలిక తిప్పి, చతురస్రాన్ని జంతిక చుట్టలా చేసి, మెచ్చుకోమన్నట్టు నా మొహంలోకి చూసేది. చెయ్యి పట్టి దిద్దించాను. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం కొనిపెడతానన్నాను. చివరికి అరిచాను, అది ఏడ్చింది. రబ్బరు పెట్టి తుడిచి తుడిచి కాగితం చిరిగింది కానీ గీత తిన్నగా రాలేదు. పిల్లకేమైనా లోపముందేమోనని భయం కూడా పట్టుకుంది.

ఓ రోజు పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే సంగతి బయటపడింది. మా అత్తగారు గుమ్మం ముందు మెలికల ముగ్గు వేస్తూ, మనవరాలి వేలు పట్టి తిప్పుతున్నారు.

"చుక్కను తొక్కొద్దు బిడ్డా, సుట్టూ తిరిగి రావాలె."

నేను వంటింట్లో కుక్కర్‌తో కుస్తీ పడే వేళ రోజూ నడుస్తున్న పాఠమట అది!

"అత్తమ్మా, పది రోజులు దీన్ని ముగ్గు దగ్గర కూర్చోబెట్టకండి. సీటు పోతుంది" అన్నాను, గట్టిగానే.

ఆవిడ చేతికంటిన ముగ్గు దులుపుకున్నారు. "చుక్కల మీదికెల్లి గీస్తే గది ముగ్గెట్లయితదమ్మా? ఔ తియ్, నువ్వన్నట్లే కానీ" అన్నారు. మర్నాటి నుంచి పిల్ల లేవకముందే ముగ్గు వేసేసేవారు.

సీటు వచ్చింది, ఐస్‌క్రీమూ తిన్నాం. మళ్లీ పిల్లని కూర్చోబెట్టుకోమని నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఇప్పుడు ఆవిడ మోకాళ్లు వంగవు, గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు అంటించాం. నిన్న ఆ స్టిక్కరు ఊడిపోతే, ఓ చిన్న ముగ్గు వెయ్యవే అన్నాను మా అమ్మాయితో. "నాకు రాదమ్మా, ఎవరు నేర్పించారు?" అంది. పక్కనే కుర్చీలో ఉన్న అత్తగారు ఊడిన స్టిక్కరు అందుకుని మడతలు సాపు చేయసాగారు. నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది. నేనడిగింది పది రోజులే, ఎనిమిదేళ్లయినా అవి తీరలేదు.