విప్పకుండా ఇవ్వవలసిన పొట్లం

పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేసి రిటైరయ్యాక నేను వెబ్ పేజీలు చేసే జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డిగ్రీ లేదని చేర్చుకోలేదు. డిగ్రీ లేనివాడికి బుర్ర ఉండదని వాళ్లకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. పుస్తకం కొన్నాను. అందులో కాల్‌బ్యాక్ అధ్యాయం, అంటే ఒక పనిని తర్వాత చేయమని అప్పజెప్పడం గురించి రాసినాయన, ముందే తెలిసినవాళ్లకు మాత్రమే తెలిసేలా రాశాడు.

అప్పుడు కాలనీ బడికి లెక్కల పేజీ ఒకటి చేస్తున్నాను. ప్రశ్న కనిపించిన పది సెకన్లకు జవాబు రావాలి. సోమవారం పెద్ద టీచరమ్మ చూస్తానంది. బాగుంటే బడి కంప్యూటర్లలో పెడుతుంది, లేకపోతే లేదు. శనివారానికి నా పేజీ ప్రశ్నతోపాటే జవాబు చెప్పేస్తోంది. పనిని కాసేపు ఆపి చేయించే టైమర్‌కు రెండు ఇవ్వాలి: చేయాల్సిన పని, ఆగాల్సిన సమయం. రెండూ ఇచ్చాను. అది ఆగలేదు. కంప్యూటర్‌ను తిట్టాను.

ఆదివారం మా ఆవిడ ఎండుమిర్చి సంచి, ఉప్పూ ఎల్లిగడ్డల పొట్లం ఇచ్చి కారం పట్టించుకు రమ్మంది. కారం గిర్ని దగ్గర పొట్లం విప్పి, గిర్నీలో పోసిన మిర్చి మీద పోయబోయాను. గిర్నీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది పెద్దాయనా, ఇప్పుడే పోస్తున్నవ్?"

"ఎప్పుడైనా పొయ్యాల్సిందే గద."

"మిర్చి మెత్తగైనంక పొయ్యాలె. ఇప్పుడు పోస్తే ముద్దగట్టి గిర్ని ఆగుతది. పొట్లం గట్లనే నాకియ్యి."

"నీకు యాదుంటదా?"

"యాదెందుకు, నా ముంగట్నే ఉంటది గద. నువ్ పోయి చాయ్ తాగు."

చాయ్ సగం తాగాక తెలిసింది. టైమర్‌కు ఇచ్చిన పని, అంటే జవాబు చూపే ఫంక్షన్, దాని పేరు వెనక నేను రెండు బ్రాకెట్లు పెట్టాను. బ్రాకెట్లు పెడితే పని అప్పుడే అయిపోతుంది. నేను పొట్లం విప్పి పోసేశాను, టైమర్ చేతికి ఖాళీ కాగితం ఇచ్చాను. బ్రాకెట్లు తీసేసి ఉత్త పేరు ఇస్తే, టైమర్ దాన్ని దగ్గర పెట్టుకుని వేళకు తానే పిలుస్తుంది. ఈ మాట ఆ పుస్తకంలో పదకొండు పేజీలు ఉంది.

ఇంటికెళ్లి రెండు బ్రాకెట్లు తీసేశాను.

సోమవారం టీచరమ్మ, ఆమె వెనక ఆరో తరగతి నిలబడి చూశారు. పదిహేడు ఎనిమిదులు ఎంత అని ప్రశ్న వచ్చింది. పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టసాగారు. వాళ్ల లెక్క తేలకముందే, పది సెకన్లకు జవాబు వచ్చింది.

"మంచిగుంది సార్, పెడదాం," అందామె. వెనక్కి తిరిగి తరగతిని చూసింది. "గాని మా పిల్లలకు పది సాలవు. ముప్పై చెయ్యుండ్రి."

అక్కడే కూర్చుని ముప్పై చేశాను.