దర్జీ మరిచిన కొలత

ఆ వీధిలో సగం మంది కొలతలు దర్జీకి కంఠతా వచ్చు. ఎవరి ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుందో, ఎవరు టేపు చూడగానే పొట్ట బిగబడతారో మనిషిని చూసి చెప్పేస్తాడు. తన కొలతలూ అంతే. పెళ్లయిన కొత్తలో తీసుకున్నవి, ఛాతీ ముప్పైఎనిమిది, పొట్ట ముప్పైఆరు, సొంత పేరులా మనసులో ఉండిపోయాయి.

కూతురు నర్సు చదువు పూర్తిచేసి పట్టా అందుకోబోతోంది. ఆ రోజు తొడుక్కోవడానికి లేత నీలం చొక్కా కుట్టుకున్నాడు. బయట సన్నగా వాన. మిషన్ మోటారు తుమ్మెదలా రొద పెడుతుంటే, సూది కింద గుడ్డ నీళ్లలా పారుతుంటే, వేదిక ఎక్కుతున్న కూతుర్ని పట్టపగలే కలగన్నాడు.

తీరా తొడుక్కుంటే మూడో గుండీ కాజాకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"గుడ్డ ముడుచుకుపోయిందే," అన్నాడు భార్యతో.

"తడపకుండా కుట్టారా?"

"ఎప్పుడైనా అలా కుట్టానా?"

ఆమె అతని మెళ్లోని టేపు లాగింది. "చేతులెత్తండి."

ఇన్నేళ్లలో అతని ఒంటికి ఎవరూ టేపు పెట్టలేదు. రోజూ వదులు లాల్చీ, నాడా పైజామా. బిగిసిందని చెప్పడానికి వాటికి నోరేదీ? టేపు అంచు చల్లగా తగిలి కళ్లు మూసుకున్నాడు.

"నలభైరెండు."

"నీకు చూడ్డం రాదు." తల వంచి చూసుకున్నాడు. నలభైరెండే. "ఆరించీలు! నాతో ఒక్కమాటైనా చెప్పకుండా ఎప్పుడొచ్చాయే?"

"చెప్పే వచ్చుంటాయి. మీరు కునుకులో ఉండుంటారు."

మర్నాడు పొద్దున్నే బల్ల చివర సుద్దతో గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. టీ తాగితే గీత, స్టూలు మీంచి లేస్తే సున్నా. సాయంత్రానికి తొమ్మిది గీతలు, మూడు సున్నాలు. వచ్చినవాళ్లకి టీ ఇస్తూ తను తాగకపోతే బాగుండదని తాగినవే అన్నీ. పక్కన రెండేసి బిస్కెట్లు సరేసరి.

ఆ సుద్ద గుర్తుల్ని చూస్తూ వెనక్కి లెక్కేసుకున్నాడు. ఒకప్పుడు రెండు వీధుల అవతలి దుకాణానికి నడిచి వెళ్లేవాడు. తర్వాత దుకాణమే ఇంటి ముందుగదిలోకి వచ్చేసింది. రోజంతా మిషన్ తొక్కే కాళ్లకి మోటారు వచ్చి సెలవిచ్చింది. అన్నం తిన్నాక గుడ్డల మూట మీద వాలితే అంత మెత్తటి నిద్ర ఎక్కడా దొరకదు. ఒక్కటీ తప్పు పనిలా లేదు. అన్నీ ముచ్చటపడి పిలిచిన సుఖాలే.

అప్పుడే కూతురు వచ్చింది. "ఈ గీతలేంటి నాన్నా?"

చెప్పాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

"రెండు..." అని నసిగాడు. "రెండున్నర."

ఆమె ఒక్కో గీత మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లింది. చివరి గీత దగ్గరికి వచ్చేసరికి చక్కెర డబ్బా సగం ఖాళీ అయినట్టు అనిపించింది దర్జీకి.

"అన్నీ ఒకేసారి మానకు నాన్నా, నిలబడదు. ముందు ఆ మోటారు తీసెయ్యి. కాళ్లకి పని దొరుకుతుంది."

చొక్కా పక్క కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డంతా బయటికి తీశాడు. ఊపిరి బిగబడితే గుండీలు పడుతున్నాయి. పట్టా ఇచ్చే రోజు గంటన్నర అలాగే కూర్చున్నాడు. కూతురు వేదిక ఎక్కేసరికి ఊపిరి సంగతే మరిచి లేచి చప్పట్లు కొట్టాడు. గుండీ ఒకటి ఎగిరి ముందువరసలో ఎక్కడో పడింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికీ నవ్వాగలేదు.

మోటారు అటకెక్కింది. మొదటి వారం పిక్కలు పట్టేసి రాత్రిళ్లు మూలిగాడు. టీలు మూడయ్యాయి, చక్కెర అరచెంచాకి దిగింది. మధ్యాహ్నం కునుకు బదులు, కుట్టిన బట్టలు తనే తీసుకెళ్లి ఇచ్చి వస్తున్నాడు. ఆరు నెలల తర్వాత భార్య కొలిస్తే ముప్పైతొమ్మిది. మధ్యలో రెండు నెలలు టేపు అంగుళం కూడా కదల్లేదు, ఒకసారి పొట్ట మళ్లీ పెరిగింది కూడా.

మూట చంకన పెట్టుకుని నడిచే ఆ దారుల్లో డాబాల మీద బట్టలు ఆరుతుంటాయి. తను కుట్టిన చొక్కాలు, గౌన్లు, పొడుగు చేతుల రవికలు. గాలొస్తే మనుషుల్లేకుండానే ఒళ్లు నింపుకుని, చేతులాడిస్తూ ఊగుతాయి. దర్జీ తలెత్తి వాటిని చూసుకుంటూ, దగ్గరిదారి వదిలేసి, చుట్టూ తిరిగి ఇంటికొస్తాడు.