అక్క చేతికి పట్టిన భయం
ఎనభైల చివర్లో డిగ్రీ సైకాలజీ పరీక్షకు చదువుతున్నాను. బొల్లారంలో తను పనిచేసే కంపెనీలో మంటలు చూసినప్పటి నుంచి మా అక్క కుడి చెయ్యి లేవడం లేదు. పక్కింటి ఎల్లవ్వ బాణామతి అనే చేతబడి చేసిందంటూ, ఆమెను కట్టేసి కొట్టడానికి పెద్దనాయన తాడు పట్టుకుని నలుగురితో బయలుదేరాడు. బాణామతి బూటకమని నేనెంత వాదించినా వినలేదు.

"నీ సదువు నీ దగ్గర్నే పెట్టుకో!"

కోపంతో మానసిక రుగ్మతల పాఠం తెరిచి బిగ్గరగా చదివాను. నరాలు బాగానే ఉన్నా, తట్టుకోలేని భయం చేతిని కదలనివ్వదని అందులో ఉంది.

అక్క బోరుమంది. "గదే చెల్లె! కండ్లు మూస్తే గా మంటలే కనవడ్తయ్. ఎల్లవ్వ నన్నేం జెయ్యలే పెద్దనాయనా, ఆమెను ముడితే నా మీద ఒట్టు!"

పెద్దనాయన తాడు కింద పడేశాడు. మర్నాడు దవాఖానకు వెళ్లే బస్సులో అక్క చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నది ఎల్లవ్వే. నా వాదనలు ఆపలేని తాడును ఆపిన అక్కకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని.