ఖాకీ రంగు సముద్రం

మా అత్త రాజమణి చేతి బొంత లేని ఇల్లు మా ఉప్పుగూడ గల్లీలో తక్కువ. అమ్మడానికి కుట్టదు, అడిగినా కుట్టదు. ఎవరి మీద మనసైతే వాళ్ళకే కుడుతుంది. కోడలిగా వచ్చిన మూడేళ్ళకు గాని నాకొకటి దక్కలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆమెకు వచ్చిన పద్ధతి ఒక్కటే, వాళ్ళమ్మ నేర్పింది. నడుమ ఒక చదరపు ముక్క, దాని చుట్టూ నిలబెట్టిన మూడు మూలల ముక్కలు. వాటిని కొండలు అంటుంది. అలాంటి గడులు కలుపుకుంటూ పోతే పైపొర తయారవుతుంది. కింద పాత చీరలు పరిచి కుట్టు వేస్తుంది. బట్ట మాత్రం వాడి వాడి మెత్తబడిందే కావాలి. కొత్త బట్టకు మనిషి వాసన ఉండదని, దాన్ని పక్క మీదికి రానివ్వదు.

పక్కింటి కోటేశ్వరమ్మ గారిది బందరు. కొడుకు సాయికృష్ణ ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి, పచ్చళ్ళ దగ్గర మా అత్తతో పోట్లాడి పోట్లాడి ప్రాణస్నేహితురాలైపోయింది. ఏటా కార్తీక పౌర్ణమికి బందరు వెళ్ళి సముద్రస్నానం చేసి వచ్చేది. ఈసారి బాత్రూములో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, లేచి నిలబడమని డాక్టరు చెప్పాడు. కానీ ఆవిడ భయంతో కాలు కింద పెట్టదు. ఇలాగే ఉంటే ఇక జన్మంతా మంచంలోనే అని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అత్త మనసు మనసులో లేదు.

"సముద్రం కాడికి తీస్కపోతే లేస్తదేమోనే," అంది నాతో.

"బందరు దాకా ఎట్ల తీస్కపోతం అత్తా?"

"అయితే దాన్నే గీడికి తెస్త."

చార్మినార్ దగ్గరి బట్టల గల్లీకి నన్ను లాక్కెళ్ళింది. "భాయ్, సముందర్ కా రంగ్ దిఖావో," అని సముద్రం రంగు చూపించమంది. దుకాణంవాడు క్షణం ఆలోచించకుండా తళతళలాడే నీలం బట్ట థాన్ పరిచాడు. పాత బట్టల్లో అంత నీలం దొరకదు గనుక మా అత్త మొదటిసారి తన నియమం పక్కన పెట్టి కొత్త బట్ట కొంది. నిలబడే కొండల్ని పక్కకు పడుకోబెట్టి కుట్టేసరికి అవి అలలైపోయాయి. నేను నోరు తెరిచి చూశాను.

కోటేశ్వరమ్మ గారు మాత్రం మొహం చిట్లించింది.

"ఏం సముద్రమే ఇది? క్యాలెండర్లో సముద్రంలా ఉంది. మా బందరు నీళ్ళు నీలంగా ఎక్కడుంటాయీ? బురద రంగు! టీ నీళ్ళలా ఉంటాయి," అని గోడవైపు తిరిగిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడితే వంకలు పెడుతుందా అని ఇంటికొచ్చి ఎగిరాను. మా అత్త నన్నే కసిరింది.

"ఆమె తప్పేమున్నది? చూడని సముద్రాన్ని నేనెందుకు కుట్టిన? ముందుగాల ఆమెనే అడగాలె గద."

నీలమంతా విప్పేసింది. బురద రంగు కోసం ఇల్లంతా గాలించింది. చివరికి ఆమె చూపు మా మామ మల్లన్న మీద ఆగింది. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరై ఏళ్ళు గడిచినా పాల ప్యాకెట్టుకు కూడా ఖాకీ ప్యాంటు వేసుకునే వెళ్తాడు.

"నీ ప్యాంట్లు తియ్యి," అంది మా అత్త.

"ఏంది? నా డ్యూటీ బట్టలు ముట్టుకుంటే మంచిగుండది, చెప్తున్న!"

మస్తు లొల్లి అయింది. అరిచి అరిచి మా అత్త గొంతు తగ్గించింది. "ఆమె గట్లనే మంచంల పడి ఉంటే మంచిగుంటదా?"

ఆయన లోపలికెళ్ళి ప్యాంట్లన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కాసేపటికి లుంగీలో వచ్చి, అప్పటిదాకా ఒంటి మీదున్న ఆ ఒక్కటీ కూడా ఇచ్చేశాడు. మా మామ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

ఎండకూ చెమటకూ ఒక్కో ప్యాంటు ఒక్కో తీరుగా వెలిసిపోయి ఉంది. ఆ ముక్కలతో అలలు నిజంగానే కదిలినట్టు కనిపించాయి. నురగకు కూడా ఆయన బనీన్లే పనికొచ్చాయి.

బొంత పూర్తయ్యాక మా అత్త దాన్ని కోటేశ్వరమ్మ గారికి కప్పలేదు. మంచం పక్కన నేల మీద పరిచింది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇదేనే," అంది చివరికి.

తర్వాత మెల్లగా మంచం అంచుకు జరిగింది. సాయికృష్ణ ముందుకు ఉరకబోతే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ముందు కుడికాలు, ఆ తర్వాత ఎడమకాలు బొంత మీద ఆనాయి. ఆవిడ మా అత్త భుజం గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది. రెండో చేత్తో చీర అంచును చీలమండల పైకి ఎత్తుకుంది.

"నువ్వూ ఎత్తుకోవే రాజమణీ, పెద్ద అల వస్తోంది. తడిసిపోతావు."

మా అత్త గబగబా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది.