అక్క ఓవెన్లో పెట్టి వెళ్లిన చిప్పులు

సోమవారం తెల్లవారుతుండగా పెనుకొండ స్టేషన్లో బెంగళూరు రైలు కోసం నిలబడి ఉన్నాను. అక్క ధర్మవరంలో ఎక్కి నాకూ సీటు పట్టి ఉంచుతుంది. ఫోన్ మోగింది. నంబరు అక్కదే, గొంతు మాత్రం వాళ్ల తమ్ముడిది. "అక్క ల్యాదు పాపా. రాత్రి నిద్రలోనే పాయ." నేను "సీటు దొరికిందా అన్నా?" అని అడిగాను. అవతల ఆయన ఏడ్చేదాకా నా బుర్రకు ఎక్కలేదు. రైలు వచ్చి ఆగితే, అలవాటుకొద్దీ ఆమె ముఖం కోసం కిటికీలన్నీ వెతికాను. ఆ తర్వాత ధర్మవరం వెళ్లే బండి ఎక్కాను.

తోడబుట్టిన అక్క కాదు. బెంగళూరులో ఎలక్ట్రానిక్ చిప్పులు పరీక్షించే ల్యాబులో నాకు పని నేర్పిన మనిషి. వారాంతం ఇళ్లకు వచ్చి, సోమవారం ఒకే రైల్లో తిరిగి వెళ్లేవాళ్లం. హిందూపురంలో ఉడకబెట్టిన శెనక్కాయలు కొని, తింటూ పొట్టు నా ఒళ్లో పోసేది.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు, చిప్పులకూ వయసు మీద పడుతుంది. వేడికి, వాడకానికి ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. అందుకే కొత్తగా ఉన్నప్పుడే, చెప్పిన వేగం కంటే కొంత ఎక్కువ అందుకోగలవా అని చూస్తాం. మార్జిన్ అనే ఆ కొంత ఎంత ఉండాలో తేల్చడానికి కొన్నిటిని ఓవెన్లో పెట్టి, వారాల తరబడి వేడిలో నడిపించి, తొందరగా ముసలివాటిని చేస్తాం. ఆ ఓవెన్ బాధ్యత అక్కది.

నేతగాళ్ల ఇంటి పిల్ల. "కొత్త చీర మెరుపు చూసి మురిసిపోతే ఎట్ల పాపా? పదిసార్లు కట్టినాక చూడాల," అనేది. ఎదిగే పిల్ల కదా అని, తన కూతురి గౌన్లన్నిటికీ లోపల ఇంత మడత పెట్టి కుట్టించేది. రైలుకు గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండేది. 'మార్జిన్ అక్క' అని నేను ఏడిపిస్తే, "నగుతాండావా? నా వయసుకు రా, తెలుస్తాది," అనేది.

పోయిన శుక్రవారం అక్కకు మేనేజరుతో వాదన అయింది. ఓవెన్లో ఉన్నవి ఆస్పత్రుల్లో రోగులకు ఊపిరి అందించే యంత్రాల్లోకి వెళ్లే చిప్పులు. "ఇంతవరకు అన్నీ పాసే కదమ్మా, గడువు దాకా ఎందుకు? కస్టమర్ తొందరపెడుతున్నాడు," అన్నాడాయన. అక్క గొంతు పెంచలేదు. "ఈపొద్దు పాసే సార్. ఏండ్లు గడిచినాక, ఊపిరాడక పండుకున్నోళ్ల పక్కన గూడా పాస్ కావాల గదా." ఓవెన్ తలుపుకు ఒక కాగితం అంటించింది: నేను వచ్చి తీసేవరకు ఎవరూ తీయవద్దు.

ధర్మవరంలో ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. అప్పుడే మేనేజరు ఫోన్ చేశాడు. పాపం, ముందు అక్క కూతురి గురించి అడిగాడు. ఆ తర్వాత, "ఆ చిప్పులు ఇక తీసేద్దామా?" అన్నాడు.

"వద్దు సార్. గడువు నిండనీయండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి," అన్నాను. అలా నా పేరు చెప్పమనడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మరుసటి రోజు ల్యాబుకు వెళ్లాను. కాగితం అలాగే ఉంది. ఒక మూల టేపు లేస్తే వేలితో అదిమాను. ఓవెన్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల చిప్పులు ముసలివవుతున్నాయి. అక్కకు నలభై ఒక్కేళ్లు.