లవాన్ హ్రూస్కాను జట్టు నుంచి తీసేసిన వారం

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నుంచి ఎవరినైనా గెంటేస్తే ఆ కబురు ఊరికి చెప్పే పని నాది. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య బుల్లి రేడియో స్టేషన్ మాది. మధ్యాహ్నం పందుల ధరలు చదివి, ఆ వెంటనే కాలేజీ కబుర్లు చదువుతాను. వాటి కాగితం తెచ్చిచ్చేది లవాన్ హ్రూస్కా. ముప్పై నాలుగేళ్లుగా కోచ్ ఆఫీసులో గుమాస్తా.

గెంటివేత ఉత్తరంలో మూడే వాక్యాలు. ‘ఫలానా వారిని జట్టు నియమాలు ఉల్లంఘించినందుకు తొలగించాం. వారి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.’ బీరు తాగి దొరికినవాడికీ అదే, పరీక్షలో కాపీ కొట్టినవాడికీ అదే. పేరొక్కటే మారుతుంది. లవాన్ టైపు చేస్తుంది, కోచ్ డెల్ ఓస్టర్‌మన్ చదవకుండా సంతకం పెడతాడు. కళ్లజోడు పెట్టుకుంటే కుర్రాళ్ల ముందు ముసలివాడినైపోతానని ఆయన బెంగ. ఒకసారి ఇలాగే గుడ్డిగా సంతకం గీకి, ఈతకొలనే లేని కాలేజీకి రెండు వందల ఈత టోపీలు తెప్పించాడు.

లవాన్ జన్మలో బంతి ముట్టుకోలేదు. అయినా మాట్లాడితే ‘మనం’ అంటుంది. “పోయినవారం మనం చివర్లో బంతి వదిలేశాం డ్వైట్, సిగ్గుచేటు!” అని నన్ను పట్టుకుని వాపోతుంది. ఏ కుర్రాడి బూటు సైజెంతో, ఎవరి తల్లికి ఆపరేషనో ఆమెకే తెలుసు. ప్రతి గురువారం జట్టుకంతటికీ చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజల కారం పులుసు, వండుకొస్తుంది, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్స్. వాటికోసం నేను కూడా ఏదో ఒక పని కల్పించుకుని వెళ్లేవాణ్ణి, దాచడమెందుకు.

ఆ అక్టోబరులో చిక్కంతా బాతుతో వచ్చింది. ముప్పై మైళ్ల అవతలి కాలేజీ జట్టు ఓ పెద్ద తెల్ల బాతును పెంచుకుంటుంది. వాళ్లు గెలిచినప్పుడల్లా దాన్ని మైదానమంతా ఊరేగిస్తారు. “మా రోజుల్లో అయితే దాన్ని ఎవరో ఒకరు ఎత్తుకొచ్చేవాళ్లు. ఇప్పటి పిల్లలకి ఫోన్లు నొక్కడమే వచ్చు” అని లవాన్ ఏడాది పొడుగునా దెప్పింది. ఆ దెప్పులకు ట్రెంట్ వోబొరిల్‌కు పౌరుషం వచ్చింది. చివరి ఏడాది కుర్రాడు, రక్షణ వరసలో గోడలాంటివాడు. ఆదివారం పట్టపగలు ఆ కాలేజీవాళ్లంతా చర్చి విందులో ఉండగా బాతును చంకన పెట్టుకొచ్చేశాడు.

“మామ్మా, మీ గ్యారేజీ ఖాళీయేనా?” అని తలుపు కొట్టాడట. ఎందుకని కూడా అడక్కుండా లవాన్ తాళం తీసింది. ఆ బాతు మూడు రోజులు ఆమె మొక్కజొన్నలు తిని, కృతజ్ఞతగా ఆమె పిక్క కరిచింది.

బుధవారం అవతలి కోచ్ ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. డెల్ జట్టును నిలబెట్టి అడిగితే ట్రెంట్ ఒక్కడే ముందుకొచ్చాడు. గ్యారేజీ ఎవరిదో మాత్రం నోరు విప్పలేదు. “దొంగతనం చేసినవాడు, దాచినవాడు ఎవరైనా సరే, నా జట్టులో ఉండడు” అన్నాడు డెల్, ఉత్తరం కొట్టమని లవాన్‌కు చెప్పాడు. శనివారం సొంత మైదానంలో ఆఖరి ఆట. ఆ రోజు చివరి ఏడాది కుర్రాళ్లు తల్లుల చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడుస్తారు. ట్రెంట్ తల్లి ఆ నడక కోసమే కొత్త కోటు కొనుక్కుంది.

గురువారం లవాన్ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఎప్పటిలా వెళ్లిపోకుండా కుర్చీలో కూర్చుంది. నేను పందుల ధరలు చదివిన గొంతుతోనే చదివేశాను. “లవాన్ హ్రూస్కాను జట్టు నియమాలు ఉల్లంఘించినందుకు తొలగించాం. వారి భవిష్యత్తు...” అక్కడికొచ్చాక గానీ నాకు బుర్ర వెలగలేదు. కింద డెల్ సంతకం ఉంది.

ఎదురుగా ఉన్న హోటల్లో రేడియో వింటూ భోజనం చేస్తున్న డెల్ మెడలో రుమాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. మైకు ఆపడం మరిచిపోయాను. మరిచిపోయాననే ఇప్పటికీ చెబుతున్నాను.

“ఏంటమ్మా ఈ వేషాలు! నేను చెప్పింది ట్రెంట్ పేరు కదా?”

“దాచినవాళ్లు కూడా ఉండరన్నావుగా డెల్. దాచింది నేను. తెమ్మని ఎగదోసిందీ నేనే. వాణ్ణి తీస్తే నన్నూ తియ్యాలి. నా పేరు ముందు కొట్టాను, వాడిది కొట్టడానికి చెయ్యి రాలేదు.”

“నిన్నెలా తీస్తానే తల్లీ? తియ్యాలంటే ముందు జట్టులో ఉండాలి కదా!”

లవాన్ పర్సు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.  నాకు డెల్ మీద ఒళ్లు మండిపోయింది.

“నేను జట్టులో లేనా?” అంది చివరికి.

ఈలోగా స్టేషన్లో ఉన్న రెండు ఫోన్లూ మోగడం మొదలెట్టాయి. ఊరంతా విన్నది. మొదటి ఫోన్ డెల్ భార్యది. ఆమె ఏమందో తెలియదు గానీ, డెల్ రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకుని విన్నాడు. పెట్టేసి, జేబులోంచి కళ్లజోడు తీసి, పెట్టుకుని, ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాడు.

“కుర్రాడు బాతును తనే తీసుకెళ్లి వాళ్ల జట్టు ముందు క్షమాపణ చెప్పాలి. మంచు పడేదాకా బస్సు ఊడవాలి. శనివారం ఆడతాడు” అన్నాడు. తర్వాత లవాన్ వైపు తిరిగి గొంతు గట్టిగా పెట్టుకున్నాడు. “నీకు ఒక ఆట నిషేధం. గేటు లోపల అడుగు పెట్టావో, ఊరుకునేది లేదు. ఉత్తరం కొట్టుకురా.”

“మూడు వాక్యాలేనా?” అంది లవాన్, ముక్కు తుడుచుకుంటూ.

శనివారం ఆమె కంచె బయట కారులో కూర్చుని, అద్దం దించి, రేడియోలో నా వ్యాఖ్యానం పెట్టుకుని ఆట విన్నది. ట్రెంట్ తల్లితో నడుస్తూ కంచె వైపు తిరిగి హెల్మెట్ ఎత్తి చూపించాడు. నిషేధంలో ఉన్నవాళ్లు హారన్ కొట్టొచ్చో లేదో తెలియక ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఆ రెండో ఉత్తరం ఇప్పుడు ఆమె ఫ్రిజ్ మీద ఉంది. చిల్లీ తినడానికి వెళ్లిన ప్రతివాడికీ చూపిస్తుంది. “చూశావా, జట్టులో లేనివాళ్లకి ఇది ఇవ్వరు” అంటుంది.